చేపల తొట్టి నీళ్ళ బేరం

అక్వేరియం కొట్టు పెడతామని నా దగ్గరికి వచ్చే కుర్రకారు అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "బాబాయ్, ఏ చేప బాగా పోతుంది?"

చేప పోయే సంగతి తర్వాత, ముందు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో అడగండ్రా అంటాను. నవ్వుతారు. నవ్వనీ! తిరువూరు వీధుల్లో ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగి తొట్లు పెట్టి, కడిగి, కారితే అతికించి, చివరికి నాకు అర్థమైంది ఇది: తొట్టిలో ఏ నీళ్ళు పోయాలో ఎవడైనా చెప్తాడు. తీసిన నీళ్ళని ఏం చెయ్యాలో చెప్పగలిగినవాడికే ఆ ఇంట్లో రెండోసారి కాఫీ ఇస్తారు.

ఈమధ్యే కొట్టు తాళాలు మా తమ్ముడి కూతురు శిరీష చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే మాటవరసకి. ఇది రాస్తుంటేనే కాలు నిలవక రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చాను. మీరు కూడా ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి, నా సంతోషం మీక్కూడా కాస్త అంటిద్దామని రాస్తున్నాను.

నీచు షావుకారు

మాది తాతల నాటి నుంచి కిరాణా. బెల్లం, చింతపండు, ఎండుమిరప ఘాటు మధ్య పుట్టాను. మా ఇంట్లో కోడిగుడ్డు అనే మాట అనాలన్నా పెరట్లోకి వెళ్ళి అనాలి. అలాంటి ఇంట్లో నేను చేపల కొట్టు పెడతానంటే, పప్పు తూస్తున్న మా నాన్న చెయ్యి తక్కెడ మీదే ఆగిపోయింది.

"ఏం చేపలు?"

"రంగు చేపలు నాన్నా. తినేవి కావు. చూసేవి."

"చూడ్డానికి ఎవడన్నా డబ్బులిస్తాడ్రా?"

"సినిమాకి ఇవ్వట్లేదూ?"

ఎదుటివాడి మాటలో పస ఉంటే ఒప్పుకోవడం మా నాన్నకి అలవాటు. "సరే, ఏడువు. మన వీధిలో మాత్రం వద్దు," అన్నాడు. అలా బస్టాండు వైపు కొట్టు తెరిచాను. ఊరు నాకు 'నీచు షావుకారు' అని పేరు పెట్టింది. మా చుట్టాల పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చునేముందు ఒకసారి గాలి పీల్చి చూసేవాళ్ళు. ఇంకో రహస్యం కూడా చెప్తాను. తొట్టిలో నీళ్ళు తియ్యాలంటే సన్న పైపు ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొస నోటితో లాగేవాళ్ళం అప్పట్లో. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ నీళ్ళు నోట్లోకే. శుద్ధ శాకాహారిని నేను, ఈ జన్మలో ఎంత చేపల పులుసు తాగానో ఆ దేవుడికే తెలియాలి. మీరు అలా చెయ్యకండి. పైపు నిండా ముందే నీళ్ళు పట్టి, బొటనవేలితో మూసి దింపితే అదే కారుతుంది.

మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య ఒక్కటే. కొసరు. సరుకు తూచాక పైన ఇంకో చిటికెడు వేస్తాం చూడండి, అది. "తూకంతో సరుకు పోతుంది, కొసరుతో మనిషి మళ్ళీ వస్తాడు," అనేవాడు. ఆ కొసరు నా పనిలో ఎక్కడ పనికొచ్చిందో చివర్లో చెప్తాను.

ప్రసాదరావు గారి తోడు

పని నేర్చుకుంది బెజవాడలో, ప్రసాదరావు గారని పెద్ద వ్యాపారి దగ్గర. చేరిన కొత్తల్లో ఒకరోజు ఫిల్టరు స్పాంజి తీసి, కుళాయి కింద పెట్టి, సబ్బు ఒక్కటే తక్కువగా రుద్ది రుద్ది కడిగాను. కొత్త పరుపులో దూదిలా తెల్లగా అయింది. గర్వంగా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి అడిగారు.

"మీ అమ్మగారు పెరుగు తోడుపెడతారా ఇంట్లో?"

"పెడుతుందండి."

"తోడుకుంచిన ఆ చెంచాడు పెరుగుని కూడా కుళాయి కింద కడిగి పెడతారా?"

అంతే. ఈ పనికి ఉన్న శాస్త్రం అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ స్పాంజిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. చేపల మలాన్ని, మిగిలిన మేతని అవే అరాయించుకుని నీళ్ళని కాపాడతాయి. స్పాంజిని తెల్లగా కడిగావా, తోడు పోయింది. నీళ్ళు పాడవుతాయి, చేప నీరసిస్తుంది, ఇంటివాళ్ళు భయపడి మొత్తం నీళ్ళు మారుస్తారు, దాంతో ఇంకా పాడవుతుంది. ఎంత కడిగితే అంత కడగాల్సి వస్తుంది! అందుకే స్పాంజిని తొట్టిలోంచి తీసిన బకెట్టు నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి.

ఆయన గురించి ఉన్నమాట చెప్పాలంటే, నీళ్ళని చదివినంత బాగా మనిషిని చదవలేకపోయారు. కొనేవాళ్ళని తిట్టేవారు. తీసిన నీళ్ళన్నీ రోడ్డు కాలవలోకే వదిలేవారు. ఎండాకాలం కూడా ఆయన కొట్టు ముందు కాలవ పారుతుండేది, అది చూసి మురిసిపోయేవారు కూడా. మంచి గురువు సగమే నేర్పుతాడేమో, మిగతా సగం ఒక అత్తయ్య నేర్పాలి.

మిషన్ ఆగితే భోజనం

ఆ అత్తయ్య పేరు సుగుణమ్మ. మా అమ్మ తరఫు చుట్టం, వరసకి అత్తయ్య. కింద ఆవిడ ఉంటుంది. పై వాటాలో జానీ బేగం అద్దెకి ఉంటుంది. జానీ బేగం ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, భర్త కరీముల్లా విస్సన్నపేట రూటులో షేర్ ఆటో నడుపుతాడు. వాళ్ళింట్లో కుట్టుమిషన్ పక్కనే నా కొట్లో కొన్న పెద్ద తొట్టి, అందులో రెండు ఆస్కారు చేపలు. కొన్నప్పుడు బొటనవేలంత ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటి అరచెయ్యి దాటింది. వాటి పేర్లు లడ్డు, జాంగ్రీ. జానీ బేగం లేచి నిలబడితే చాలు, అద్దానికి ముక్కులు ఆనించి తోకలు ఊపుతాయి. కుక్కపిల్లలు నయం.

మొన్న వేసవి మొదట్లో ఆవిడ దగ్గర్నుంచి ఫోను. "అన్నా, నా చేపల్ని వెనక్కి తీసుకుంటావా?" గొంతు ఎలాగో ఉంది. పరుగున వెళ్ళాను.

సంగతేమిటంటే, ఆ ఇంటి బోరు దగ్గుతోంది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. అలాంటప్పుడు పైనుంచి సుగుణమ్మ అత్తయ్య గడప ముందు నుంచే చేపల నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఆవిడ తేల్చి చెప్పేసింది: నెలాఖరులోగా తొట్టయినా దిగాలి, మీరైనా దిగాలి.

"ఇల్లు మారితే జాకెట్లు ఇచ్చేవాళ్ళందరూ ఈ వీధివాళ్ళే అన్నా, పోతారు," అంది జానీ బేగం. "చేపల్ని ఇచ్చేస్తే..." అని ఆపి లడ్డు వైపు చూసింది.

ఇక్కడ మీకొక వ్యాపార సత్యం చెప్పాలి. ఇంత పెరిగిన ఆస్కారు చేపని వెనక్కి తెస్తే కొనేవాడుండడు. పోయినసారి ఇలాంటిదే కొట్లో పెడితే ఒకాయన చాలాసేపు చూసి, "ముళ్ళు ఎక్కువుంటాయా?" అని అడిగాడు. ఆ మాట నేను జానీ బేగంకి చెప్పలేదు.

"ఆగమ్మా, ముందు నీళ్ళు ఎలా పోతున్నాయో చూడనీ," అని కూర్చున్నాను.

మొదటి చిల్లు తెలిసిందే. శుక్రవారం ఇల్లంతా కడిగే అలవాటు. మన ఊళ్ళో ఏ మతమైనా శుక్రవారం వచ్చిందంటే బకెట్టు, చీపురు బయటికొస్తాయి. ఆ ఊపులో తొట్టి కూడా ఖాళీ చేసి, రాళ్ళు తోమి, స్పాంజి తెల్లగా కడిగి, మొత్తం కొత్త నీళ్ళు.

"ఇల్లు కడిగి దాన్ని వదిలేస్తే అవి మురికిలో ఉండవా అన్నా?"

"ఇల్లు కడుగు తల్లీ, పెరుగు తోడు కూడా కడుగుతావా?" అన్నాను. గురువుగారి మాటని నా సొంత సరుకులా అమ్మేశాను.

ఆవిడకి టక్కున అర్థమైంది. "అంటే నేను వారం వారం తోడు కడిగేస్తున్నానా!" అని నోటి మీద చెయ్యేసుకుంది.

"మేత ఎప్పుడు వేస్తావు?"

"అవి అడిగినప్పుడు."

"ఎప్పుడడుగుతాయి?"

"నేను మిషన్ ఆపినప్పుడల్లా."

"అంటే జాకెట్టుకో భోజనం!"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న కరీముల్లా పగలబడి నవ్వాడు. "నాకు ఫోన్ చేస్తే గానీ అన్నం పెట్టదన్నా, వాటికి మాత్రం జాకెట్టుకోసారి."

తిండి తగ్గితే మలం తగ్గుతుంది, మలం తగ్గితే నీళ్ళు మార్చే పని తగ్గుతుంది. రోజుకి ఒక్క పూట, వారంలో ఒకరోజు పస్తు అన్నాను. కరీముల్లా వెంటనే, "మాకు రంజాన్‌కే, వీటికి వారం వారమా!" అన్నాడు.

ఇక మూడోది ఆర్వో మిషను. ఆస్కార్లకి ఆర్వో నీళ్ళే పోయాలని ఎవరో చెప్పారట. ఆ మిషను బిందెడు మంచినీళ్ళిచ్చి, అంతకు మించి ఉప్పునీళ్ళు పైపులోంచి బయటికి వదుల్తుంది. ఆస్కారుకి ఆర్వో నీళ్ళు ఉప్పులేని పప్పులాంటివి. మన బోరు నీళ్ళే డ్రమ్ములో ఒక రోజు నిలవబెట్టి పోస్తే సుఖంగా బతుకుతుంది. తాగడానికి ఆర్వో ఉంచుకోమన్నాను. అది వదిలే నీళ్ళని డ్రమ్ములో పట్టి బాత్రూములో పొయ్యడానికి, నేల తుడవడానికి, అంట్లు మొదటిసారి తొలవడానికి వాడుకోమన్నాను. రోజూ మొక్కలకి మాత్రం వద్దన్నాను, ఉప్పు మట్టిలో పేరుకుని వేళ్ళని కాలుస్తుంది.

చివరగా తొట్టి పైన ఉండే ఫిల్టరు డబ్బాలో మనీప్లాంటు తీగలు వేళ్ళు మునిగేలా పెట్టాను. తొట్టి లోపల పెట్టకూడదు. ఆస్కారు మొక్కని మొక్కగా చూడదు, పాత పగవాడిలా చూస్తుంది. పై డబ్బాలో అయితే దాని నోటికి అందదు. వేళ్ళు నీళ్ళలోని సారాన్ని లాగేసుకుంటాయి.

ఇక మిగిలింది వారానికోసారి అడుగునున్న మడ్డితో సహా తీసే కొద్దిపాటి నీళ్ళు. అది చేపకి చెత్త, మొక్కకి పాయసం. ఆ పాయసానికి ఒక నోరు కావాలి. కిటికీలోంచి కిందికి చూశాను. అత్తయ్య పెరట్లో మల్లె పాదులు పచ్చగా ఉన్నాయి. బాత్రూము గోడ పక్కన ఒక నిమ్మచెట్టు, ఆకులు పసుపెక్కి, ముడుచుకుపోయి, పెద్దాసుపత్రి వరండాలో కూర్చున్న మనిషిలా ఉంది.

నా రక్తంలో బేరం లేచింది!

అత్తయ్యతో బేరం

"అత్తయ్యా, నీ మొక్కలకి మంచి ఎరువు నీళ్ళు తెచ్చాను," అంటూ కిందికి దిగాను.

"ఏ నీళ్ళు?"

"పై తొట్టివి."

"నీచు నీళ్ళా! నా మల్లెలు నెమలి గుళ్ళో వేణుగోపాలస్వామికి పోతాయిరా కాశీ. పౌర్ణమికి దండ కట్టుకుని పోతాను. ఆ చెట్టుకి చేప కడిగిన నీళ్ళు పొయ్యమంటావా?"

"చేప కడిగిన నీళ్ళు కాదత్తయ్యా. చేప ఉన్న నీళ్ళు."

"ఉంటే ఏంటి, కడిగితే ఏంటి?"

"పేడ వేస్తావుగా మల్లెకి?"

"ఆవు పేడా, చేప పెంటా ఒకటేనా?"

"స్వామి మొదటి అవతారమే చేప కదా!"

"అవతారమెత్తిన చేప నీ కొట్లో అమ్ముడు పోలేదు కదరా."

మీరు నమ్మండి, ఇన్నేళ్ళ వ్యాపారంలో నన్ను అంత శుభ్రంగా ఎవరూ ఓడించలేదు. ఇక్కడే చిన్నవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. మూఢనమ్మకం అనో, సైన్సు అనో వాదనకి దిగుతారు. ఇంటావిడ దేవుడి పువ్వు జోలికి పోతే నీ తొట్టే కాదు, నీ చెప్పులు కూడా గుమ్మం దాటవు. అక్కడ తగ్గాలి. మల్లెలు వదిలేశాను.

"సరే, మల్లెలు నీవి. ఆ నిమ్మచెట్టు దేవుడికి పోదు కదా?"

"అది పొయ్యిలోకి పోతుంది. కొట్టించేద్దామనుకుంటున్నా."

"ఎలాగూ చచ్చేదే కదా. నాకివ్వు. నెలాఖరుదాకా ఆ నీళ్ళు దానికి పోస్తాను. చిగురేస్తే తొట్టి ఉంటుంది. వెయ్యకపోతే చేపల్ని నేనే మోసుకుపోతాను, నీ గుమ్మం ముందు చుక్క కనబడదు."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. మా వాళ్ళందరికీ బేరం కుదిరేముందు అలాగే అవుతాయి. "చుక్క నీళ్ళు నా గడప దాటకూడదు," అంది.

పైనుంచి పెరటి వైపు సన్న పైపు వేసి, కొస నిమ్మపాదులో పెట్టాం. మొదటిసారి వదిలినప్పుడు అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మల్లెపాదు దగ్గర కాపలా నిలబడింది, ఒక్క తుంపర అటు పడుతుందేమోనని.

ఆగిపోయిన వారం

విస్సన్నపేటలో మామిడికాయల కమీషను వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఒకసారి ఆయన చేపలకి తెల్లమచ్చలొస్తే నీలం మందు, కల్లుప్పు వేసి ఇచ్చాను. వాళ్ళావిడ ఆ నీళ్ళు వృథా ఎందుకని తులసికోటలో పోసింది. వారంలో తులసమ్మ కట్టెపుల్ల. ఆయన నాకు ఫోను చేసి తిట్టిన తిట్లు రాస్తే శిరీష ఈ కాగితాలు చించేస్తుంది. అప్పటినుంచి ఎవరికి మందు ఇచ్చినా ముందు చెప్పే మాట: మందు, ఉప్పు ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళు మొక్కకి పోకూడదు.

ఇది ఎందుకు చెప్పానంటే, బేరం కుదిరాక సరిగ్గా మధ్యలో లడ్డుకి జబ్బు చేసింది. రాయికి గీసుకుని రెక్క పుండైంది. ఉప్పు వెయ్యక తప్పలేదు. నిమ్మచెట్టు చూస్తే అప్పటికింకా ఒక్క చిగురు లేదు. నెలాఖరు దగ్గరికొస్తోంది.

"ఒక్కసారికి పోసేద్దామా అన్నా?" అన్నాడు కరీముల్లా. "నీళ్ళు రాకపోతే ఆవిడ మాట తప్పారంటుంది."

జానీ బేగం ఒప్పుకోలేదు. "చెట్టు చస్తే మన చేతే చచ్చినట్టవుతుంది," అంది. ఆ నీళ్ళు బకెట్లలో పట్టి బాత్రూముకి వాడింది. వాడుకున్న వెంటనే తనే కిందికి దిగి అత్తయ్యకి చెప్పింది. "పెద్దమ్మా, ఈ వారం నీళ్ళు రావు. చేపకి ఉప్పు వేశాం. మీ చెట్టుకి మంచిది కాదు."

ఆ మాట నాకు అత్తయ్యే తర్వాత చెప్పింది. "నా చెట్టు ఎండిపోతే తొట్టి దింపుకోవాలని తెలిసి కూడా వచ్చి చెప్పిందిరా ఆ పిల్ల," అని, చాలాసేపు వక్క నములుతూ కూర్చుంది. బేరం ఎవరి వైపు మొగ్గిందో నాకు అప్పుడే తెలిసింది. చెట్టుకి ఇంకా తెలియలేదు, అంతే!

కొసరు

లడ్డు కోలుకుంది. ఉప్పునీళ్ళు పూర్తిగా మారిపోయాక మళ్ళీ పైపు వదిలాం. నెలాఖరుకి ఇక కొద్ది రోజులుండగా పొద్దున్నే అత్తయ్య దగ్గర్నుంచి ఫోను. "ఒరే కాశీ, ఒకసారి రా." గొంతులో ఏమీ తెలియలేదు. వలల సంచీ, పెద్ద బకెట్టు కూడా తీసుకునే వెళ్ళాను, చేపల్ని మోసుకు రావాల్సొస్తే ఉంటాయని.

నిమ్మచెట్టు కొసల్లో ఎర్రగా, లేతగా చిగుళ్ళు! ఒక కొమ్మకి వేలికొస కంటే చిన్న మొగ్గలు కూడా! నేను బకెట్టు అక్కడే పడేసి చెట్టు చుట్టూ తిరిగాను. ఈ వయసులో అలా గంతులేస్తే ఎలా ఉంటుందో పైనుంచి కరీముల్లా ఫోనులో వీడియో తీశాడు, ఇప్పటికీ ఆటోలో ఎక్కినవాళ్ళందరికీ చూపిస్తాడు.

"సరే, తొట్టి ఉండనీ," అంది అత్తయ్య. జానీ బేగం ఆ మాట లడ్డు, జాంగ్రీలకి చెప్పడానికి పైకి పరిగెత్తింది.

అసలు సంగతి ఆ తర్వాత. మనీప్లాంటు వేళ్ళు బలిశాయి, మేత తగ్గింది, స్పాంజిలో తోడు కుదురుకుంది. తొట్టి అద్దంలా తయారైంది. వారం వారం తీసే నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ, ఒక చిన్న బకెట్టుకి దిగాయి. అంటే నా పని నూటికి నూరుపాళ్ళూ ఫలించిందని నేను మీసం దువ్వుకుంటున్నాను. ఒకరోజు జానీ బేగం పైనుంచి నాతో ఫోనులో మాట్లాడుతుంటే, కిందినుంచి అత్తయ్య కేక నాకు వినిపించింది.

"ఏమ్మా జానీ, ఈ వారం ఇంతేనా? మీ చేపలు ఏం తినట్లేదా?"

"ఇంతే వచ్చాయి పెద్దమ్మా! తొట్టి శుభ్రంగా ఉంది!"

"శుభ్రం సంగతి నాకెందుకు. నిమ్మకి పోసేసరికి అయిపోతున్నాయి. మల్లెల మాటేంటి?"

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

"మల్లెలకా? అవి దేవుడివి కదా పెద్దమ్మా?"

మా నాన్న తక్కెడ దగ్గర నిలబడి ప్రతి ఇల్లాలూ అడిగిన గొంతే, అదే సాగదీతతో వినిపించింది.

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. నువ్వు కొసరు పొయ్యి."